మెట్ల కింద పిల్లిని ఇంట్లోకి తెచ్చుకునే ముందు

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చేయండి, ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ బల్ల మీద బుట్టలో పిల్లి ఉందేమోనని ఇందాకటి నుంచి కొంతమంది తొంగిచూస్తున్నారు. లేదండీ, ఖాళీ బుట్టే. ఇంతమంది మధ్యకి పిల్లిని తెచ్చి చూపిస్తే ఇవాళ నేను చెప్పబోయే మాటలన్నీ నేనే తప్పినట్టవుతుంది. (నవ్వులు)

ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టర్ని కాను. 14 ఏళ్ళుగా వీధిపిల్లుల్ని ఇంట్లోకి తెచ్చుకుంటూ, కొన్నింటిని ఉంచుకుంటూ, కొన్నింటికి వేరే ఇళ్ళు చూస్తూ వచ్చిన మనిషిని. అందులో చేసిన తప్పులే ఎక్కువ, వాటిలో పెద్దదానితోనే మొదలుపెడతాను.

ఓ వానాకాలం రాత్రి, పార్కింగ్‌లో స్కూటర్ కవర్ కింద ముద్దయిపోయి ఒక పిల్లికూన దొరికింది. రెండున్నర నెలలుంటాయేమో. ఎత్తుకుని పైకి తెచ్చాను, టవల్‌తో తుడిచాను, మా ఇంట్లో అప్పటికే ఉన్న పెద్దపిల్లి గిన్నె పక్కనే ఇంకో గిన్నె పెట్టాను. రెండూ పక్కపక్కన తింటుంటే ఫోటో తీసి అందరికీ పంపించాను కూడా. నాలుగో రోజున కూన వాంతులు మొదలుపెట్టింది. నీళ్ళ గిన్నె మీదకి తల వంచుకుని అలాగే కూర్చుంటుంది, దాహంగా ఉన్నట్టే ఉంటుంది, కానీ ఒక్క చుక్క తాగదు. ఆరో రోజుకి పోయింది. పాన్‌ల్యూకోపీనియా అన్నారు డాక్టరు, పిల్లులకొచ్చే వైరస్ జబ్బు, కుక్కల్లో పార్వో లాంటిదనుకోండి, కూనల్ని రెండుమూడు రోజుల్లో తీసుకెళ్ళిపోతుంది. మా పెద్దపిల్లికి టీకాలున్నాయి కాబట్టి దానికేం కాలేదు, అది నా తెలివి కాదు, అదృష్టం.

కథ అక్కడితో అయిపోలేదు. మూడు నెలల తర్వాత, ఇల్లంతా ఫినాయిల్‌తో కడిగేశాను కదా అన్న ధీమాతో, టీకాలు వేయని ఇంకో కూనని తెచ్చాను. దానికీ అదే జబ్బు. ఈ వైరస్ నేల మీద, గుడ్డల్లో, మూలల్లో ఏడాది దాకా బతికి ఉంటుందట. మామూలు క్లీనర్లకి చావదు. పైగా ఫినాయిల్ పిల్లులకే విషం, కాళ్ళకి అంటింది నాకేస్తాయి కదా. చావాలంటే ముందు మురికంతా కడిగేసి, ఒక వంతు ఇంట్లో వాడే బ్లీచ్‌కి 32 వంతుల నీళ్ళు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి, ఆ తర్వాత మంచినీళ్ళతో కడగాలి, అదీ పిల్లి ఆ గదిలో లేనప్పుడు. ఇవన్నీ నాకు రెండో కూన డ్రిప్ మీద ఉన్నప్పుడు తెలిశాయి. అది బతికింది లెండి. ఇప్పుడు పదకొండేళ్ళు, ఇంట్లో అందరి మీదా దానిదే పెత్తనం.

అందుకే చెప్తున్నాను, పిల్లిని ఇంట్లోకి తేవడంలో నేను చూసిన ప్రమాదాల్లో చాలా వరకు మన తొందర నుంచి వచ్చినవే. జాలేసింది, ఎత్తుకొచ్చేశాం. ముద్దొచ్చింది, ఒళ్ళో పెట్టేసుకున్నాం. పాపం ఒంటరిగా ఉందని ఇంట్లో పిల్లి దగ్గర వదిలేశాం. అన్నీ ప్రేమతో చేసినవే.

సరే, మొదటి నుంచీ వద్దాం. మీ మెట్ల కింద ఒక పిల్లి తిరుగుతోంది. అది అసలు ఎవరిదైనా అయ్యుండొచ్చు. సన్నగా ఉందనో మట్టికొట్టుకుపోయి ఉందనో అనాథ అనుకోకండి, కొన్ని ముసలి పిల్లులు ఎంత తిన్నా సన్నగానే ఉంటాయి, దారి తప్పిన పెంపుడు పిల్లి రెండు వారాల్లో వీధిపిల్లిలా తయారవుతుంది. నేను చేసేది చాలా మామూలు పని. ఒక కాగితం పట్టీ తీసుకుని, "ఈ పిల్లి మీదేనా? అయితే ఈ నంబరుకి చెప్పండి" అని రాసి, మెడ చుట్టూ వదులుగా పెట్టి చివర్లు కొంచెం టేపుతో అంటిస్తాను. ఎక్కడైనా ఇరుక్కుంటే చిరిగిపోవాలి, అందుకే కాగితం, తాడు పనికిరాదు. ఒకసారి అలా పెట్టిన పట్టీ రెండో రోజుకి మారిపోయి వచ్చింది. కొత్త కాగితం మీద "మాదే, తిండి పెట్టకండి, డైటింగ్‌లో ఉంది" అని రాసుంది. (నవ్వులు) నిజమండీ.

కాగితానికి జవాబు రాకపోతే డాక్టర్ దగ్గర స్కాన్ చేయించండి. మైక్రోచిప్ అనేది బియ్యపు గింజంత ఉంటుంది, భుజాల మధ్య చర్మం కింద వేస్తారు, పైకి కనపడదు, రీడర్ పెడితే 15 అంకెల నంబరొస్తుంది. చెవులు కూడా చూడండి. ఒక చెవి కొస కత్తిరించినట్టు సమంగా ఉంటే అది దెబ్బ కాదు, ఆ పిల్లికి ఇదివరకే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదిలారని గుర్తు. మళ్ళీ కడుపు కోయించక్కర్లేదన్నమాట.

ఆడపిల్లి అయితే ఇంకో సంగతి, దీన్ని చాలామంది మర్చిపోతారు. పొట్ట కింద చూడండి. పాలరొమ్ములు ఉబ్బి, చుట్టూ బొచ్చు రాలి ఉంటే దానికి ఎక్కడో పిల్లలున్నాయి. మీరు తల్లిని ఇంట్లో పెట్టి తలుపేసుకుంటే అవతల గోడ వెనకాల పిల్లలు ఆకలికి చచ్చిపోతాయి. దీనికి తిరగేసిన పొరపాటు కూడా ఉంది, కూనలు ఒంటరిగా కనపడగానే తల్లి వదిలేసిందని ఎత్తుకొచ్చేయడం. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని ఊరికే అనలేదు కదా, ఒకటొకటిగా నోట కరుచుకుని మారుస్తుంది, మీరు చూసే సమయానికి మూడోదాన్ని తీసుకెళ్ళడానికి వెళ్ళి ఉండొచ్చు. కూనలు వెచ్చగా, పొట్టలు నిండుగా, నిద్రపోతూ ఉంటే దూరంగా నిలబడి కొన్ని గంటలు చూడండి. దగ్గరే నిలబడితే తల్లి రాదు. ఒళ్ళు చల్లగా అయిపోయి ఆగకుండా ఏడుస్తుంటే మాత్రం అప్పుడు ఆగకూడదు, ముందు వెచ్చబరచండి, చల్లగా ఉన్న కూనకి పాలు పట్టకండి, అరగదు. ఇంకా కళ్ళు తెరవని కూనలంటే రెండు మూడు గంటలకోసారి రాత్రీ పగలూ పట్టాలి, అది వేరే ఉద్యోగం, వాటి గురించి చెప్పాలంటే ఇంకో పూట కావాలి.

ఇప్పుడు అందరికీ ఉండే సందేహం. ఇది ఇంట్లో ఉండే రకమేనా? ఒకప్పుడు మనుషుల దగ్గర పెరిగి వీధిన పడ్డ పిల్లి వేరు, పుట్టడమే బయట పుట్టి మనిషి చెయ్యి తగలకుండా పెద్దదైన పిల్లి వేరు. పిల్లికూనకి మనుషులంటే అలవాటు పడే వయసు రెండో వారం నుంచి ఏడో వారం దాకా, ఆ కొద్ది వారాల్లో మనిషిని మంచిగా చూసిన కూన తర్వాత ఎన్నాళ్ళు వీధిలో ఉన్నా ఎక్కడో ఆ జ్ఞాపకం ఉంటుంది. అలాంటిది తోక నిలువుగా ఎత్తి వస్తుంది, మీ కళ్ళలోకి చూస్తుంది, మ్యావ్ అంటుంది. పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి పెద్దగా మ్యావ్ అనుకోవండీ, ఆ పలకరింపు దాదాపుగా మన కోసమే. రెండో రకం నోరెత్తదు, గోడవారగా వంగి నడుస్తుంది, మీరు వెళ్ళాకే తింటుంది.

ఆ రెండో రకం పెద్దపిల్లిని ఇంట్లో బంధించడం నాకిష్టం లేదు, మొహమాటం లేకుండా చెప్తున్నాను. దానికి ఆపరేషన్, టీకాలు చేయించి, ఉన్న చోటే వదిలి, వేళకి తిండి పెట్టండి, అదే దానికి మీరు చేయగలిగిన మేలు. కాకపోతే తేల్చేసే ముందు కొన్ని వారాలు చూడండి, బాగా భయపడిపోయిన పెంపుడు పిల్లి కూడా అచ్చం అడవిపిల్లి లాగే ప్రవర్తిస్తుంది.

పట్టుకోవడం గురించి. పిల్లిని గదిలో పెట్టి కొడితే పులవుతుందని సామెత. కొట్టక్కర్లేదండీ, మూలకి తరిమితే చాలు. ఇద్దరు ముగ్గురు చేరి దుప్పటి పట్టుకుని ఒక పిల్లిని చుట్టుముట్టడం నేను చాలాసార్లు చూశాను, చివరికి పిల్లి గోడ దూకి పోతుంది, మనుషులు ఆసుపత్రికి పోతారు. దానికి ఈ బుట్ట ఉంది. తలుపు తీసి, లోపల పాత గుడ్డ వేసి, రోజూ తిండి పెట్టే చోటే పెట్టేయండి. మొదట బుట్ట పక్కన గిన్నె. రెండు రోజులకి గుమ్మంలో. తర్వాత లోపల చివరన. అది లోపలికెళ్ళి తినేసి హాయిగా బయటికొచ్చే రోజులు ఓ మూడు నాలుగు గడవనివ్వండి, అప్పుడు ఓ రోజు వెనకనుంచి తలుపు వేసి, వెంటనే పైన గుడ్డ కప్పేయండి. చీకటైతే సర్దుకుంటుంది. దీనికి వారం పడుతుంది. పట్టనివ్వండి. దెబ్బలు తగిలున్న పిల్లి అయితే ఆగలేం, అప్పుడు పట్టడం తెలిసినవాళ్ళని పిలవండి లేదా బోను వాడండి.

పెద్దపిల్లిని మెడ వెనక చర్మం పట్టుకుని వేలాడదీయకండి, అది తల్లి కూనకి చేసే పని.

కరిచిందనుకోండి. పిల్లి పళ్ళు సూదుల్లాంటివి, పైకి రెండు చుక్కలే కనిపిస్తాయి, లోపలికి లోతుగా దిగిపోతాయి, దాని నోట్లో ఉండే పాశ్చురెల్లా అనే బాక్టీరియా ఒక్క రోజులో చేతిని బూరెలా చేసేస్తుంది. నాకు కుడిచేతి బొటనవేలు అలా అయి మూడు వారాలు పెన్ను పట్టుకోలేదు. చిన్న గాటే కదా అనుకోకండి. సబ్బుతో, పారే నీళ్ళ కింద, 15 నిమిషాలు కడగాలి, గడియారం చూసుకుని మరీ కడగాలి, ఎందుకంటే మనకి రెండు నిమిషాలే పదిహేనులా అనిపిస్తుంది. అదే రోజు డాక్టర్ దగ్గరికెళ్ళాలి. రేబిస్ కుక్కల నుంచే వస్తుందనుకుంటారు చాలామంది, పిల్లి నుంచీ వస్తుంది, లక్షణాలు మొదలయ్యాక మనిషి బతకడం దాదాపు లేదు. కరిచిన పిల్లి 10 రోజుల దాకా ఆరోగ్యంగా ఉంటే కరిచిన నాడు దాని లాలాజలంలో రేబిస్ లేదని అర్థం, నిజమే. కానీ ఆ 10 రోజులూ చూసి అప్పుడు వెళ్దాం అని మాత్రం కూర్చోకండి, డాక్టర్ చెప్పిన టీకా మొదలుపెట్టి ఆపైన చూడండి.

బుట్టలోకి వచ్చింది. ఇప్పుడు ఇంటికి కాదు, నేరుగా డాక్టర్ దగ్గరికి. వెళ్ళి "అన్నీ చూడండి" అంటే కొన్ని మిగిలిపోతాయి కాబట్టి అడిగి చేయించుకోండి. చెవుల్లో కాఫీపొడి లాంటి నల్లటి మట్టి ఉంటే చెవి పురుగులు. బొచ్చులో మిరియాల పొడి చల్లినట్టుంటే, తడి దూది మీద అది ఎర్రగా మారితే, ఫ్లీలు, అంటే బొచ్చులో ఉండి రక్తం పీల్చే చిన్న పురుగులు, అది వాటి రెట్ట. తోక కింద బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉంటే బద్దెపురుగులు. కడుపులో పురుగుల మందు ఒకసారితో అవదు, రెండు వారాలకి మళ్ళీ వేయాల్సి ఉంటుంది. బొచ్చు గుండ్రంగా ఊడిపోయిన మచ్చలుంటే తామర, అది మనకీ అంటుకుంటుంది. మా ఇంట్లో ఓసారి పిల్లికి తగ్గిపోయి బొచ్చు మొలిచింది, నా మోచేతికి మాత్రం ఇంకో నెల ఉంది.

రక్తపరీక్ష రెండు వైరస్‌లకి, ఒకటి పిల్లుల్లో రక్తక్యాన్సర్ తేగలిగేది, రెండోది రోగనిరోధక శక్తిని తగ్గించేది. ఎఫ్‌ఈఎల్‌వీ, ఎఫ్‌ఐవీ. మొదటిది లాలాజలంతో పాకుతుంది, ఒకే గిన్నెలో తిన్నా, ఒకదాన్నొకటి నాక్కున్నా, అందుకని ఇంట్లో ఇంకో పిల్లి ఉన్నవాళ్ళకి ఇది చాలా ముఖ్యం, నెల రెండు నెలల తర్వాత మళ్ళీ చేయిస్తే గానీ గట్టిగా చెప్పలేం. ఎఫ్‌ఐవీ ఎక్కువగా లోతైన కాట్ల వల్ల వస్తుంది, గండుపిల్లుల్లో కనపడేది అందుకే. పేరు వినగానే జనం భయపడి పిల్లిని వదిలేస్తున్నారు, అది నాకు చాలా బాధ. ఎఫ్‌ఐవీ మనుషులకి రాదు. ఆ పిల్లులు జాగ్రత్తగా చూసుకుంటే ఏళ్ళకేళ్ళు బతుకుతాయి. ఆరు నెలల లోపు కూనకి పాజిటివ్ వస్తే అది తల్లి ఇచ్చిన యాంటీబాడీల వల్ల కూడా కావచ్చు, ఆరు నెలలు దాటాక మళ్ళీ చూపించండి, అప్పటికి నెగెటివ్ అయ్యే కూనలు చాలానే ఉంటాయి.

టీకాలు కూనలకి ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాల వయసు దాటేదాకా వేయిస్తారు. ఒక్కటి వేయించి అయిపోయిందనుకోకండి, మా కూనని పోగొట్టుకున్నాక నేను దీని దగ్గర చాలా చాదస్తంగా తయారయ్యాను.

ఆపరేషన్ విషయంలో కొంతమంది "ఒక్క ఈతైనా ఈననివ్వండి, ఆడదానికి మంచిది" అంటారు. మంచిదేం లేదు. పిల్లి నాలుగు నెలల వయసుకే చూలు కట్టొచ్చు, తొమ్మిది వారాలకి ఈనుతుంది, పిల్లలు పాలు తాగుతుండగానే మళ్ళీ కడుపుతో ఉండొచ్చు. లెక్క మీరే వేసుకోండి. గండుపిల్లికి చేయిస్తే గోడల మీద మూత్రం చిమ్మడం, కొట్లాటలు బాగా తగ్గుతాయి, కాట్లు తగ్గితే ఇందాక చెప్పిన ఎఫ్‌ఐవీ భయమూ తగ్గుతుంది.

ఒక్కటి మాత్రం దయచేసి రాసుకోండి. జ్వరంగా ఉందని పిల్లికి పారాసిటమాల్ వేయకండి. మనకి ఏమీ చేయని ఒక్క బిళ్ళ పిల్లిని చంపేస్తుంది, దాని లివర్‌కి ఆ మందుని విరగ్గొట్టే శక్తి లేదు. అలాగే కుక్కలకి మెడ మీద వేసే ఫ్లీల మందు, పెర్మెత్రిన్ ఉన్నది, పిల్లికి వేస్తే ఫిట్స్ వస్తాయి. కుక్కది కొంచెం తగ్గించి వేద్దాం అనే లెక్క పిల్లి దగ్గర పనిచేయదు.

ఇప్పుడు ఇంటికొచ్చాం. ఇల్లంతా చూపించకండి. ఒక్క గది. చిన్నదైతే ఇంకా మంచిది, బాత్రూమ్ అయినా సరే. మీకు అంత చిన్న గదిలో పెట్టడం శిక్షలా అనిపిస్తుంది, భయపడ్డ పిల్లికి పెద్ద ఇల్లే శిక్ష, ఎటు నుంచి ఏమొస్తుందో చూసుకోవాల్సిన మూలలు అక్కడ ఎక్కువ. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే రెండు వారాలైనా ఈ గది తలుపు మూసే ఉండాలి, గిన్నెలు వేరు, లిట్టర్ (అంటే మలమూత్రాలకి పెట్టే ఇసుక) వేరు, కొత్తదాన్ని ముట్టుకుని చేతులు కడుక్కునే రెండోదాన్ని ముట్టుకోవాలి. నా మొదటి కూన విషయంలో ఈ ఒక్క తలుపు వేసి ఉంటే రెండు గిన్నెల ఫోటో ఉండేది కాదు, ఇంట్లోకి అంత వైరసూ పరుచుకునేది కాదు.

గదిలో మీకు చేతికందని సందులన్నీ ముందే మూసేయండి, వాషింగ్ మెషీన్ వెనకాల, అలమారా కింద. దాక్కోవడానికి మాత్రం ఒక చోటు మీరే ఇవ్వండి. ఓ అట్టపెట్టె, పక్కకి తిప్పి, లోపల గుడ్డ, అంతే. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2014లో షెల్టర్‌కి కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నింటికి ఇలా దాక్కునే పెట్టెలిచ్చి, కొన్నింటికి ఇవ్వకుండా చూశారు, పెట్టె ఉన్నవి తొందరగా కుదుటపడ్డాయి. దాక్కుంటోందంటే మనమంటే ఇష్టం లేదని కాదు, దాక్కోగలిగితే ధైర్యం వస్తుంది. పెట్టెలోంచి చెయ్యి పెట్టి లాగితే ఆ వచ్చిన కాస్త ధైర్యమూ పోతుంది.

లిట్టర్ గురించి జనం అనవసరంగా టెన్షన్ పడతారు. బయట మట్టిలో వెళ్ళిన పిల్లికి మట్టే తెలుసు, కొన్న లిట్టర్ మీద ఓ రెండు గుప్పిళ్ళ మామూలు మట్టి కలపండి, వారం పది రోజుల్లో మట్టి తగ్గించుకుంటూ పోండి. తిండి గిన్నె ఒక మూల, లిట్టర్ ఎదురు మూల.

ఆ తర్వాత మీ పని ఏమిటంటే, ఏమీ చేయకపోవడం. ఇది చాలా కష్టమండీ. నేను రోజూ సాయంత్రం గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, నేల మీద పక్కకి తిరిగి కూర్చుని పేపరు పైకి చదువుతాను. ఎడిటోరియల్ అయితే మరీ మంచిది, గొంతు పైకీ కిందకీ పోదు. (నవ్వులు) దాని వైపు రెప్పవేయకుండా చూడకూడదు, పిల్లి భాషలో అది బెదిరింపు. చూడాల్సి వస్తే కళ్ళు సగం మూసి, మెల్లగా పూర్తిగా మూసి, మెల్లగా తెరవండి. ఇది నేను ఏళ్ళ తరబడి చేస్తుంటే మా ఇంట్లో నవ్వేవాళ్ళు, 2020లో బ్రిటన్‌లో ససెక్స్, పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయాల వాళ్ళు పరీక్షించి చూశారు, ముక్కూమొహం తెలియని మనిషైనా ఇలా మెల్లగా రెప్పవేస్తే పిల్లి తిరిగి రెప్పవేయడం, చేయి చాపితే దగ్గరికి రావడం ఎక్కువగా ఉందని తేలింది. అప్పటి నుంచి నవ్వడం మానేశారు.

అది వచ్చి మీ మోకాలికి తల రుద్దేదాకా ముట్టుకోకండి. రుద్దినా వేలు ముందుకి పెట్టి వాసన చూడనివ్వండి, తర్వాత బుగ్గ మీద, గడ్డం కింద గోకండి. పొట్ట చూపించి దొర్లిందని పొట్ట మీద చెయ్యి వేశారో, చెయ్యి మీది కాదు. ఎన్నాళ్ళు పడుతుందని అడక్కండి. మూడు రోజులు బిక్కచచ్చి ఉంటుంది, మూడు వారాలకి ఇంటి పద్ధతి అర్థమవుతుంది, మూడు నెలలకి మనదవుతుంది అని పెంచేవాళ్ళు అంటుంటారు, అది ఓ ఉజ్జాయింపు. మా దగ్గర ఒకటి తొమ్మిదో రోజున ఒళ్ళోకి ఎక్కింది, ఇంకొకటి ఏడు నెలలు పట్టించింది.

వదిలేయమన్నాను కదా అని గమనించడం మానకండి. పూర్తిగా ఒక రోజు ఏమీ తినకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయండి. ముఖ్యంగా బొద్దుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే ఒంట్లో కొవ్వంతా లివర్‌లోకి చేరి ప్రాణం మీదకొస్తుంది. మగపిల్లి లిట్టర్‌లో పదే పదే కూర్చుని ముక్కుతూ, మూత్రం రాక అరుస్తుంటే మలబద్ధకం అనుకుని నెయ్యీ నూనే పట్టకండి, మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు, రాత్రైనా సరే అప్పటికప్పుడు తీసుకెళ్ళాలి. నోరు తెరిచి కుక్కలా రొప్పుతున్నా అంతే.

అక్కడ ఎవరో చెయ్యెత్తారు. చెప్పండమ్మా.

(శ్రోతల్లోంచి: పాలు పోస్తే చాలా ఇష్టంగా తాగుతుందండీ, అయినా పోయకూడదంటారా?)

ఇష్టంగానే తాగుతుంది, కళ్ళు మూసుకుని మరీ తాగుతుంది, సామెత అక్కడి నుంచే వచ్చింది కదా. తర్వాత లిట్టర్ శుభ్రం చేసేది మాత్రం మీరు. తల్లిపాలు మానేశాక చాలా పిల్లులకి పాలలో ఉండే లాక్టోజ్ అరగదు, విరేచనాలవుతాయి. నీళ్ళు చాలు. ఇంకో మాట, పిల్లి పూర్తిగా మాంసాహారి. టారిన్ అనే పదార్థం మాంసంలోంచే రావాలి, దాని ఒంట్లో సరిపడా తయారవదు. అది తక్కువైతే గుండె కండరం బలహీనపడుతుంది, చూపు పోతుంది, అమెరికాలో 1987లో గుండె సంగతి తేలాకే పిల్లి ఆహారం తయారుచేసేవాళ్ళు టారిన్ పెంచారు. కుక్క ఆహారంలో పిల్లికి కావలసినంత ఉండదు, అందుకని రెండిటికీ ఒకే డబ్బా పెట్టకండి. మన పళ్ళెంలోది పెట్టేవాళ్ళు ఉల్లి, వెల్లుల్లి సంగతి గుర్తుంచుకోండి, రెండూ దాని ఎర్రరక్తకణాల్ని పాడుచేస్తాయి.

ఇంట్లో పాత పిల్లితో కలపడం. రెండు వారాలయ్యాయి, పరీక్షలు బాగున్నాయి. తలుపు తీసేయాలనిపిస్తుంది, తీయకండి. ముందు వాసనలు కలవాలి. కొత్తదాని గుడ్డ పాతదాని దగ్గర, పాతదాని గుడ్డ కొత్తదాని దగ్గర. మూసిన తలుపుకి చెరోవైపు తిండి పెట్టండి, అవతలి వాసన వస్తే కడుపు నిండుతుందని రెండిటికీ అనిపించాలి. బుసకొట్టకుండా తినేదాకా వచ్చాక, తలుపు బెత్తెడు తీసి లేదా మధ్యలో వల తలుపు పెట్టి కనపడనివ్వండి, కొద్ది నిమిషాలే. బుసకొడితే కంగారు లేదు, అది మాట్లాడటమే. కదలకుండా గుడ్లప్పగించి చూడటం, చెవులు వెనక్కి అతుక్కుపోవడం, తోక బొచ్చు నిక్కి ఉబ్బడం, అప్పుడు ఆపేసి ఒక మెట్టు వెనక్కి రండి. కొట్లాడుకుంటే మధ్యలో చెయ్యి పెట్టకండి, అట్టముక్క అడ్డం పెట్టండి. లిట్టర్ పెట్టెలు పిల్లులెన్నో అన్నీ, అదనంగా ఇంకొకటి. కుక్క ఉంటే కుక్కకి తాడు, పిల్లికి ఎక్కడానికి ఎత్తైన చోటు, నెలలు పట్టినా ఒంటరిగా వదలకండి.

(శ్రోతల్లోంచి: మా కోడలు కడుపుతో ఉందండీ. పిల్లిని పంపించేయమంటున్నారు అందరూ.)

పంపించనక్కర్లేదు. మీరు భయపడేది టాక్సోప్లాస్మా గురించి, అది కడుపులో బిడ్డకి హాని చేయగల పరాన్నజీవి. పిల్లికి అది మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాల పాటు మలంలో వస్తుంది, ఆ వచ్చింది కూడా వెంటనే అంటదు, అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. అందుకని లిట్టర్ రోజూ తీసేయాలి, మీ కోడలు కాకుండా ఇంకెవరైనా తీయాలి. మీవారిని తీయమనండి. (నవ్వులు, చప్పట్లు) సరిగ్గా ఉడకని మాంసం, కడగని కూరలు, చేతులు కడుక్కోకుండా మట్టిపని, వీటి సంగతి కూడా చూసుకోవాలి. డాక్టర్‌కి ఇంట్లో పిల్లి ఉందని చెప్పండి.

కిటికీలకి, బాల్కనీకి వల కట్టించండి, పిల్లి ఎంత ఎత్తునుంచైనా కాళ్ళ మీదే పడుతుందని నమ్మకండి, కాళ్ళ మీదే పడి దవడ విరగ్గొట్టుకున్న పిల్లిని నేను చూశాను. ఇంట్లో లిల్లీ పువ్వులు పెట్టకండి, ఆ పుప్పొడి బొచ్చు మీద పడి నాకినా మూత్రపిండాలు పోతాయి.

సరే, చివరి ప్రశ్న. చెప్పండి బాబూ.

(శ్రోతల్లోంచి: మాది వచ్చి నెలైంది సార్, రాత్రి రెండింటికి తలుపు దగ్గర కూర్చుని ఒకటే అరుపు. పాపం బయట తిరిగిన ప్రాణం కదా, వదిలేయమంటారా?)

ఎన్నిసార్లు తలుపు తీశావు ఇప్పటిదాకా? ... రెండుసార్లు. అదీ సంగతి. రెండింటికి అరిస్తే తలుపు తెరుచుకుంటుందని నువ్వే నేర్పావు, ఇప్పుడు అది నేర్పింది చేస్తోంది. నీ నిద్ర ఓ పది రోజులు పోతుంది, తీయకు. పిల్లికి సంధ్యవేళల్లో, తెల్లవారుజామున వేటాడాలనిపిస్తుంది, కాబట్టి పడుకునే ముందు కర్రకి ఈక కట్టి దాన్ని రొప్పేదాకా కాదు గానీ, బాగా అలిసేదాకా ఆడించు, ఆడాక తిండి పెట్టు. వేట, తిండి, ఒళ్ళు నాక్కోవడం, నిద్ర, వరస అదీ. ఆపరేషన్ అయిందా? కాలేదా? అయితే ముందు అది, సగం అరుపులు దానివే. వీధి చూస్తూ కూర్చోడానికి కిటికీ దగ్గర ఒక బల్ల వెయ్యి. ఒకవేళ తప్పించుకుపోయినా ఊరంతా తిరగకు, భయపడ్డ పిల్లి దూరం పోదు, దగ్గర్లోనే ఏ మెట్ల కిందో నోరు మూసుకుని దాక్కుంటుంది. రాత్రి జనం సద్దుమణిగాక టార్చి పట్టుకుని కిందకి వంగి వెతుకు, కళ్ళు మెరుస్తాయి.

టైమైపోయిందంటున్నారు. ఈ బుట్ట ఇక్కడే పెడుతున్నాను, ముందు తలుపుతో పాటు పైమూత కూడా తెరుచుకునే రకం ఇది, భయపడ్డ పిల్లిని లోపల్నుంచి లాగక్కర్లేకుండా డాక్టర్ పైనుంచే చూసేయొచ్చు. ఆ క్లిప్పు కొంచెం బిగుతు, వేళ్ళు జాగ్రత్త. వచ్చి చూడండి.